కోడిపిల్లల కాళ్లు వంకరపోతే కారణం ఎక్కడ వెతకాలి?

పెరట్లో పొదిగించిన పిల్లల్లో ఒకటి కాళ్లు చెరోవైపు చాపి పడిపోతే చాలామంది పుంజు మంచిది కాదని తేల్చేస్తారు. నిజానికి ఇలాంటి లోపాలు కొన్ని వంశపు రక్తంలో, కొన్ని తల్లి మేతలో, కొన్ని గుడ్డు పొదిగిన తీరులో, మరికొన్ని పిల్ల నిలబడిన నేలలో పుడతాయి కనుక, పుంజును మార్చేముందు కారణం వెతకాలి.

మొదట నేల చూడండి. విశాఖలో డాబా మీద అట్టపెట్టెలో న్యూస్‌పేపరు పరచి పిల్లలను పెంచేవారు చాలామంది ఉన్నారు. ఆ నునుపు మీద కాళ్లు జారి పక్కలకు పోతాయి. కాగితం తీసి గోనెపట్టా పరచండి. మెత్తటి ప్లాస్టరును సన్నగా కోసి రెండు కాళ్లకూ చుట్టి, మధ్య సుమారు 2.5 సెంటీమీటర్ల ఎడం ఉంచండి. కట్టు కింద అగ్గిపుల్ల సులువుగా దూరాలి, లేకపోతే కాలు వాస్తుంది. పుట్టిన రెండో రోజున నేను కట్టిన ఒక పిల్ల మర్నాటికే తూలుతూ నూకల పళ్లెం దాకా నడిచింది, ఐదో రోజున కట్టు విప్పేశాను. వారం దాటిన మరో పిల్లకు అదే కట్టు ఏమీ చేయలేకపోయింది.

వేళ్లు లోపలికి ముడుచుకుంటే తరచుగా రైబోఫ్లేవిన్, అంటే బి2 విటమిన్ లోపమే కారణం. నూకలతోనే సరిపెట్టిన పెట్ట గుడ్డులో అది చాలినంత ఉండదు. పిల్లకు వెంటనే నీటిలో బి కాంప్లెక్స్ ఇవ్వాలి, ఆలస్యమైతే నరం దెబ్బతిని వేళ్లు తిరిగి తెరుచుకోవు. తల్లికి మునగాకు, తోటకూర, ఉప్పులేని ఎండుచేపల పొడి పెట్టండి. ఎదిగిన పిల్ల ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కు చాపినా, మెడ మెలితిరిగినా దాన్ని అవకరం అనుకోకూడదు. మారెక్స్, రాణిఖేత్ వంటి అంటువ్యాధులు కావచ్చు కనుక వెంటనే వేరుచేసి పశువైద్యుడికి చూపించండి.

వంకర ముక్కు పిల్లను లోతైన గిన్నెలో మేత పోసి పెంచుకోవచ్చు గానీ, దాని గుడ్లు పొదగెయ్యకూడదు. ఒక తల్లి పిల్లల్లోనే పుంజును, పెట్టను ఏళ్ల తరబడి జతకట్టిస్తే గుడ్లు మురిగిపోవడం, పిల్లలు బలహీనంగా పుట్టడం ఎక్కువవుతుంది. అందుకే ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు చొప్పున, వేరే ఊరి నుంచి తెచ్చుకోండి. పాత పుంజు వీర్యం పెట్ట కడుపులో రెండు వారాలకు పైగా నిలుస్తుంది కాబట్టి, దాన్ని తీసేశాక మూడు వారాల గుడ్లు కూర వండుకోవడమే మేలు.

మన ఎండాకాలంలో అసలు చిక్కు గుడ్ల నిల్వలో ఉంది. దాదాపు 21 డిగ్రీలు దాటితే గుడ్డులో పిండం అరకొరగా పెరగడం మొదలుపెట్టి, పొదిగేలోపే నీరసిస్తుంది. మే నెలలో మూడు, నాలుగు రోజులకు మించి దాచకండి. తడి ఇసుకలో నిలిపిన కుండలో, వెడల్పు కొస పైకి ఉండేలా పెట్టండి. యంత్రంలో పొదిగిస్తే 37.5 డిగ్రీలు ఉంచి, పద్దెనిమిదో రోజు దాకా తిప్పాలి. సముద్రపు తేమ ఉన్న ఊరు కనుక, వానాకాలంలో పుస్తకంలో ఉందని నీళ్లు పోసేయకుండా తేమ మీటరు చూసి పోయండి, ఎక్కువైతే పిల్ల పెంకులోనే ఊపిరాడక చనిపోతుంది.

ప్రతి గుడ్డు మీదా పెన్సిలుతో పెట్ట గుర్తు, తేదీ రాసి, పొదగేసిన ఏడో రాత్రి చీకట్లో టార్చి వెలుగుకు పట్టి చూడండి: ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపిస్తే పిల్ల పెరుగుతోంది, ఖాళీగా ఉంటే తీసేసి ఆ పెట్ట గుర్తు పక్కన రాసుకోండి.