వార్డులో సర్వే చేస్తున్నారా? ముందు మీ అంచనా కాగితం మీద పెట్టండి

తడి చెత్త, పొడి చెత్త విడదీసేది ఎవరని విశాఖలో అడగండి. అపార్టుమెంట్ల వాళ్లు చేస్తారు, కొండవాలు కాలనీల వాళ్లు చెయ్యరు అని చాలామంది తడుముకోకుండా చెప్పేస్తారు. విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీలో ఉన్న 98 వార్డుల్లో మీ వార్డు వరకైనా ఇది నిజమో కాదో తేల్చడానికి నలుగురు మనుషులు, ఒక వారం, 400 ఇళ్లు చాలు. ఇళ్లు ఎవరైనా తిరుగుతారు. మనసులో ముందే కూర్చున్న జవాబు లెక్కల్లోకి దూరకుండా చూడటమే అసలు పని.

అందుకే మొట్టమొదట అంచనా రాయాలి, అదీ అంకెల్లో. ‘అపార్టుమెంట్లలో 70 శాతం, కొండవాలు ఇళ్లలో 30 శాతం’ అని సర్వేలో పనిచేసే ప్రతి ఒక్కరూ విడివిడిగా రాసి, తేదీ వేసి, కవర్లో పెట్టి అంటించండి. ‘అపార్టుమెంట్లలో ఎక్కువే’ అని రాస్తే పనికిరాదు. రేపు 45 వచ్చినా 75 వచ్చినా నేను చెప్పిందే అనిపిస్తుంది. ఎంత తేడా వస్తే అంచనా తప్పిందని ఒప్పుకుంటారో కూడా అదే కాగితం మీద రాయండి.

ఇళ్ల సంఖ్య సంగతి. చీటీ పద్ధతిలో ఎంచిన 100 ఇళ్లతో వచ్చిన శాతం అటూ ఇటూ 10 దాకా తప్పొచ్చు. 400 అయితే 5, వెయ్యి అయితే 3. తప్పు సగానికి తగ్గాలంటే ఇళ్లు నాలుగు రెట్లు కావాలి. అపార్టుమెంట్లు 200, కొండవాలు ఇళ్లు 200 పోల్చేటప్పుడు ఆ రెండింటి మధ్య తేడా 10 శాతం దాటితేనే దాన్ని తేడాగా లెక్కవేయండి. ఒకే వీధిలో ఇళ్లవాళ్లు ఒకరిని చూసి ఒకరు చేస్తారు కాబట్టి వీధికి 10 ఇళ్లకు మించకుండా 40 వీధులు తీసుకోండి. 10 వీధుల్లో 40 చొప్పున తీసుకుంటే నడక తగ్గుతుంది, కానీ 400 ఇళ్ల బలం రాదు.

ఎక్కువమంది చెప్తే నిజమైపోతుందని నమ్మేవాళ్లకు 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికను గుర్తుచెయ్యాలి. ‘లిటరరీ డైజెస్ట్’ పత్రిక దాదాపు కోటిమందికి కార్డులు పంపింది. 20 లక్షలకు పైగా జవాబులు వచ్చాయి. రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తాడని తేల్చింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. సుమారు 50 వేలమందినే అడిగిన సర్వేల నిపుణుడు జార్జ్ గాలప్ విజేతను సరిగ్గా చెప్పాడు. పత్రిక పేర్లు తీసుకున్నది ఎక్కువగా టెలిఫోన్లు, కార్లు ఉన్నవాళ్ల జాబితాల నుంచి. పైగా కార్డు తిప్పి పంపే ఓపిక ఉన్నవాళ్లు ఒక తరహా మనుషులు. అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టే పోల్‌కు ఇవే రెండు జబ్బులూ ఉంటాయి. దాన్ని సర్వే అనకండి.

వార్డులోని వీధులన్నీ రాసి చీటీలు వేసి 40 తియ్యండి. వీధి మొదట్లో 1 నుంచి 7 లోపు చీటీ తీసి ఆ ఇంటితో మొదలుపెట్టి, ప్రతి ఏడో తలుపు తట్టండి. మేడమీది వాటా, వెనక అద్దె గది కూడా తలుపులే. తాళం ఉంటే పక్కింటికి వెళ్లకూడదు. వేళ మార్చి మూడుసార్లు రావాలి. పగలు తాళం వేసుకుని పనికి వెళ్లేవాళ్ల బదులు ఇంట్లో ఉండేవాళ్లతో లెక్క నింపేస్తే ఆ తప్పు చివర్లో ఎవరికీ కనబడదు. తాళం ఎన్ని, చెప్పం అన్నవాళ్లు ఎందరు అన్నది వేరే కాగితం మీద రాస్తూ ఉండండి.

విశాఖలో వేళ చాలా ముఖ్యం. గాజువాక, కూర్మన్నపాలెం వైపు షిఫ్టు డ్యూటీల ఇళ్లు ఎక్కువ. మధ్యాహ్నం తలుపు కొడితే రాత్రి డ్యూటీ చేసొచ్చిన మనిషి నిద్ర చెడుతుంది, జవాబూ చెడుతుంది. మత్స్యకారుల పేటల్లో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ రోజుల్లో మగవాళ్లు ఒడ్డునే ఉంటారు, చేతిలో డబ్బు తక్కువ. ఆదాయం, ఖర్చుల ప్రశ్నలకు అప్పుడొచ్చే జవాబు ఆగస్టులో రాదు. సంక్రాంతి వారం అసలు పెట్టుకోవద్దు, చాలా ఇళ్లవాళ్లు శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లలో ఉంటారు. నేవీ కుటుంబాలు, పోర్టు పనివాళ్లు ఉన్న చోట హిందీ ఫారం కూడా పట్టుకెళ్లండి. లేకపోతే తెలుగు రానివాళ్లంతా లెక్కలోంచి జారిపోతారు.

ప్రశ్న దగ్గర ఎక్కువ సర్వేలు మునుగుతాయి. ‘మీరు చెత్త విడదీస్తారా?’ అంటే ఎవరూ కాదనరు. పరువు ప్రశ్న అది. ‘నిన్న కూరగాయల తొక్కలు ఎక్కడ వేశారు? పాల ప్యాకెట్ ఎక్కడ వేశారు?’ అని విడిగా అడిగి, వీలైతే ‘డబ్బా ఒకసారి చూడొచ్చా అమ్మా?’ అనండి. నోటిమాటకీ డబ్బాకీ మధ్య తేడాను వేరే గడిలో రాయండి, ఆ గడి చాలా విలువైనది. ‘చెత్త బండి రోజూ టైముకి వస్తోందా?’ అన్నది రెండు ప్రశ్నలు: రోజూ వచ్చి ఆలస్యమయ్యే బండికి ఏం చెప్తారు? ‘తెలీదు’ అనే జవాబుకి చోటు ఉంచండి. చెత్త సంగతి చెత్త బయటపెట్టే మనిషినే అడగాలి. అభిప్రాయమైతే ఇంట్లో పెద్దవాళ్లలో ఈమధ్య పుట్టినరోజు వెళ్లినవారిని అడగాలి. తేదీ తెలియని పెద్దవాళ్లుంటే పేర్లు రాసి చీటీ తియ్యండి. అసలు సర్వేకి ముందు 15 ఇళ్లలో ప్రయత్నించి, జనం తెల్లమొహం వేసిన ప్రశ్న మార్చండి.

ఫారాలు వచ్చాక నూటికి పది ఇళ్లకు ఇంకొకరు వెళ్లి ఒకటి రెండు ప్రశ్నలు మళ్లీ అడగాలి. రెండు నిమిషాల్లో ముగిసిన ఫారాలు, వరసగా ఒకే జవాబున్న ఫారాలు ముందు చూడండి. పేర్లు, ఫోన్ నంబర్లు జవాబులతో కలిపి ఉంచకండి.

ఇక తూకం, అంటే వార్డులో ఉన్నదానికంటే ఎక్కువగా సర్వేలో పడ్డ గుంపు లెక్కను సరిచేయడం. బండి వేళ మార్చాలా అని 400 మందిని అడిగారనుకుందాం. అందులో ఆడవాళ్లు 280, మగవాళ్లు 120. ఆడవాళ్లలో 60 శాతం, అంటే 168 మంది, మార్చాలన్నారు. మగవాళ్లలో 40 శాతం, 48 మంది. మొత్తం 216, అంటే 54 శాతం. ‘సగానికి పైగా మార్పు కోరుతున్నారు’ అని రాసేయడానికి చెయ్యి దురదపెడుతుంది. వార్డులో ఆడా మగా సమానమైతే 60కీ 40కీ సగటు 50. ‘సగానికి పైగా’ అన్నమాట ఎగిరిపోయింది.

కవర్లు ఇప్పుడు తెరవండి. అంచనాకు ఎదురు వచ్చిన ఫలితాన్ని ఎలాగూ అనుమానిస్తారు. అవును, కాదులకు వేసిన 1, 2 తారుమారయ్యాయా? ఒక్కరి ఫారాల్లోనే ఆ తేడా ఉందా? ఒకే వీధి లాగేసిందా? తక్కువమంది ఉన్న గుంపు శాతమా? ఇవన్నీ అడగాల్సినవే. అయితే అంచనాతో కలిసిన ఫలితానికి కూడా ఇదే తనిఖీ, ఇదే వరసలో చెయ్యాలి. అనుకున్న అంకె రాగానే లెక్క కట్టేసి టీ తాగడానికి లేచే దగ్గరే తప్పులు బతికిపోతాయి. ఇంకో జాగ్రత్త: వయసు, కులం, అద్దె, చదువు అంటూ 20 పోలికలు చేస్తే నిజంగా ఏ తేడా లేకపోయినా ఒకటి వింతగా కనబడటం మామూలే. కవర్లో రాయని పోలికలో వింత కనబడితే మరో 40 వీధుల్లో మళ్లీ అడిగాకే చెప్పండి.

రిపోర్టు ఒక పేజీ చాలు. ఎన్ని తలుపులు తట్టారు, ఎన్ని తెరుచుకున్నాయి, ఏ నెలలో, ఏ వేళల్లో, ప్రశ్న యథాతథంగా ఏమిటి, అటూ ఇటూ ఎంత తప్పొచ్చు అన్నవి ముందు రాయండి. తర్వాత పట్టికలో మూడు గడులు: నోటితో చెప్పింది, డబ్బాలో కనబడింది, కవర్లో మీరు రాసిన అంచనా. వార్డు సచివాలయంలో ఇచ్చే కాపీలో కూడా ఆ మూడో గడి ఉంచండి.