టెక్సాస్ వరదల కాలం: ముందు మీ కౌంటీ పేరు తెలుసుకోండి

2025 జూలై 4 తెల్లవారుజామున టెక్సాస్‌లోని కెర్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) గ్వాడలూప్ నది ముప్పావు గంటలో దాదాపు 26 అడుగులు పెరిగింది. ఆ ఒక్క కౌంటీలోనే వందమందికి పైగా ప్రాణాలు పోయాయి. వాతావరణ శాఖ రాత్రి 1:14కే హెచ్చరిక ఇచ్చింది. నిద్రలో ఉన్న చాలామందికి అది చేరలేదు. నది వెంట సైరన్లు పెట్టాలని కౌంటీలో ఏళ్ల తరబడి మాట్లాడుకున్నారు, డబ్బు దగ్గర ఆగిపోయారు. పక్కనే కెండాల్ కౌంటీలోని కంఫర్ట్ ఊళ్లో సైరన్ మోగింది. అక్కడ అందరూ బతికారు.

టార్చి, మందులు, మంచినీళ్లు దగ్గర పెట్టుకోవాలని అందరికీ తెలుసు. మన తెలుగు కుటుంబాల్లో నేను మళ్లీ మళ్లీ చూస్తున్న తప్పు వేరు: తామున్నది ఏ కౌంటీయో తెలియకపోవడం. ఎక్కడుంటారంటే ఫ్రిస్కో అంటారు, కేటీ అంటారు. ఫ్రిస్కో కాలిన్, డెంటన్ కౌంటీల్లో ఉంది. కేటీ అయితే హ్యారిస్, ఫోర్ట్ బెండ్, వాలర్ మూడింట్లోనూ ఉంది. అర్ధరాత్రి రేడియోలో, టీవీలో వచ్చే హెచ్చరికలో వినిపించేది కౌంటీ పేరు. అది మనది కాదనుకుని మళ్లీ పడుకుంటే?

ఇంకో సంగతి. చిరునామాలో కేటీ అని ఉన్నా మీ ఇల్లు నగర పరిధి బయట ఉండొచ్చు. అప్పుడు మీకు మేయర్ ఉండడు. షెరిఫ్, రోడ్లు, విపత్తు ఏర్పాట్లు కౌంటీవే. ఆ ఖర్చును తేల్చేది కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లు కూర్చునే కమిషనర్స్ కోర్టు. పేరుకే కోర్టు, నిజానికి అది కౌంటీ పాలకమండలి. బడ్జెట్లు ఎక్కువగా వేసవి చివర్లో తేలతాయి. ఓటు లేకపోయినా, హెచ్1బీ మీద ఉన్నా, అజెండాలోని అంశం మీద మీరు మాట్లాడొచ్చు. ఆస్తి పన్ను మీరూ కడుతున్నారు. సైరన్లకు, నీటిమట్టం కొలిచే గేజ్‌లకు, వాగు దాటే రోడ్ల దగ్గర గేట్లకు ఎంత పెట్టారని అడగండి. పన్ను కాస్త తగ్గించామని చెప్పుకోవడం కన్నా ఇవి ముందుండాలని నా గట్టి నమ్మకం.

కౌంటీ అలర్ట్‌లకు ఇంట్లో అందరి నంబర్లూ నమోదు చేయండి. పిల్లల్ని ఎవరైనా ఎత్తుకెళ్లినప్పుడు వచ్చే అంబర్ అలర్ట్ మోతకు విసుగొచ్చి ఫోన్లో అన్ని హెచ్చరికలూ ఆపేసి ఉంటే ఈ రోజే తిరిగి పెట్టండి. వాతావరణ శాఖ హెచ్చరికలు వినిపించే వెదర్ రేడియో కొనండి, ఫోన్ సిగ్నల్ పోయినా అది మోగుతుంది. దానికీ కౌంటీ కోడ్ పెట్టాలి.

నది ఒడ్డున ఇల్లు అద్దెకు తీసుకుంటే ఆ కౌంటీ పేరు, ఎగువ కౌంటీ పేరు రాసుకోండి. వాన అక్కడ పడుతుంది, నీళ్లు మీ మీదికి వస్తాయి.

పిల్లల్ని క్యాంపుకు పంపేముందు అది ఏ కౌంటీయో, రాత్రి ఎవరు మేలుకుని ఉంటారో, వరదొస్తే పిల్లల్ని ఏ ఎత్తైన చోటికి తీసుకెళ్తారో అడగండి. జవాబు రాకపోతే పంపొద్దు.

వరద బీమా విడిగా తీసుకోవాలి. ఇంటి బీమాలో రాదు. సాధారణంగా 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది, తుఫాను వార్త విన్నాక కొంటే దండగ.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు కౌంటీ పేరు తెలుగులో రాసి ఫ్రిజ్ మీద అంటించండి.

రోడ్డు మీద నీళ్లు పారుతుంటే కారు దించొద్దు. అడుగు లోతు నీళ్లకే చిన్న కార్లు తేలిపోతాయి. ముందు కారు దాటినా సరే, మీరు వెనక్కి తిప్పండి.