ఎండెన్ తాళ్లు, ఒక అగరుబత్తి

1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు మీద గుండ్లు కురిపించిన జర్మన్ యుద్ధనౌక ఎండెన్ నమూనాను ప్లాస్టిక్ కిట్‌తో 1/350 స్కేలులో (అసలుకు 350వ వంతు) కట్టాను. అసలు ఓడ సుమారు 118 మీటర్లు, నాది 34 సెంటీమీటర్లు. మూడు పొగగొట్టాలూ చక్కగా కుదిరాయి. మలయా రేవు పెనాంగ్‌లో బ్రిటిష్ ఓడలా కనబడాలని పెట్టుకున్న నాలుగో దొంగ గొట్టం కూడా చేద్దామనుకుని, బద్ధకించి మానేశాను.

టెన్షన్ మొదలైంది తెరచాపకొయ్యల మధ్య తాళ్ల దగ్గర. కుట్టుదారం కడితే బట్టలు ఆరేసే తీగలా ఉంది. లెక్క వేసి చూస్తే, 0.2 మిల్లీమీటర్ల దారం అసలు ఓడ మీద 7 సెంటీమీటర్ల మందం! పైగా నూగు. బిగించి లాగితే కొయ్య వంగింది.

మొత్తం తీసేశాను. ముక్కలు కోసుకున్నాక కిట్‌లో మిగిలే ప్లాస్టిక్ కాడను (స్ప్రూ) కొవ్వొత్తి మంటకు కాస్త పైన తిప్పుతూ వేడిచేశాను. మెత్తబడి కొంచెం కుంగగానే పక్కకు తీసి రెండు వైపులా లాగితే వెంట్రుకలాంటి పోగు వచ్చింది. చల్లారాక కోసి, గుండుసూది మొనతో సూపర్ గ్లూ చుక్క పెట్టి అంటించాను.

అయినా పోగులు వేలాడాయి. అప్పుడు వెలిగించిన అగరుబత్తి కొసను పోగుకు తగలకుండా కింద నుంచి దగ్గరగా జరిపాను. చూస్తుండగానే పోగు ముడుచుకుని తీగలా బిగుసుకుంది! మొదటిసారి మరీ దగ్గరకు పోనిచ్చి ఒకటి తెగింది. గ్లూ పూర్తిగా ఆరాకే చేయండి, ఫ్యాను కట్టేయండి. మా ఆవిడ మాత్రం పూజ అనుకుని హారతికి వచ్చింది.