వడ్లు రాకముందే ఇంట్రానెట్ పేరు పని ముగించండి

దసరా దాటితే సాగర్ ఎడమ కాలువ కింది వడ్లు మిర్యాలగూడ మిల్లులకు రావడం మొదలవుతుంది. ఆ తర్వాత ఆఫీసు కంప్యూటర్లలో చిన్న మార్పుకు కూడా నేను ఒప్పుకోను. గేటు పాసు, కాటా తూకం, తేమ శాతం, గోదాం లెక్క అన్నీ ఇంట్రానెట్ మీదే, అంటే ఆఫీసు లోపలి నెట్‌వర్క్ మీదే నడుస్తాయి కాబట్టి, దానికి సొంత డొమైన్ (నంబరుకు బదులు కొట్టే పేరు) పెట్టుకోవాలనుకునేవారు సెప్టెంబరులోగా ఆ పని పూర్తిచేయాలి.

పేరు అవసరమా అని అడిగే యజమానులకు మా కాటా గది సంగతే చెబుతాను. గోడకు, ఇంట్రానెట్ నడిపే కంప్యూటర్ (సర్వర్) నంబరు 192.168.1.20 అని స్కెచ్ పెన్నుతో రాసిన అట్టముక్క వేలాడుతుండేది. ఒక రాత్రి పిడుగుకు రౌటర్ కాలిపోయింది. కొత్త రౌటర్ వేరే వరుస నంబర్లు ఇచ్చింది. తెల్లవారేసరికి కాటా మీద లోడు లారీ, దాని వెనక రోడ్డు దాకా ట్రాక్టర్లు. గుమాస్తా అట్టను, తెరను మార్చి మార్చి చూస్తూ అవే అంకెలు మళ్లీ మళ్లీ కొడుతున్నాడు. పేరు ఉండి ఉంటే దాని వెనక నంబరును ఒక్కచోట మారిస్తే సరిపోయేది.

అయితే మీది కాని పేరు పెట్టకండి. ఖర్చు లేదని చాలామంది చివర ‘డాట్ లోకల్’ తగిలిస్తారు. ఒకే నెట్‌వర్క్‌లోని పరికరాలు ఒకదాన్నొకటి వెతుక్కోవడానికి 2013లోనే దాన్ని కేటాయించారు. అందుకే కొన్ని ఫోన్లు, కంప్యూటర్లు ఆ పేరును మీ డీఎన్‌ఎస్ సర్వర్‌ను, అంటే పేరుకు నంబరు చెప్పే కంప్యూటర్‌ను, అడగనే అడగవు. ‘డాట్ డెవ్’ వాడుకున్నవాళ్లకూ దెబ్బ తగిలింది. అది గూగుల్ చేతికి వెళ్లాక, 2017 డిసెంబరు నుంచి క్రోమ్ బ్రౌజర్, సైటు అసలైనదేనని చూపే సర్టిఫికెట్ లేనిదే ఆ పేర్లను తెరవడం మానేసింది. 2024లో డొమైన్ పేర్లను పర్యవేక్షించే ఐకాన్ సంస్థ ‘డాట్ ఇంటర్నల్’ను లోపలి వాడకానికి వదిలిపెట్టింది కానీ, దానికి బయటి సంస్థలేవీ సర్టిఫికెట్ ఇవ్వవు. కంపెనీకి ఎలాగూ డొమైన్ ఉంటుంది. దాని ముందు ‘ఆఫీసు’ లాంటి మాట చేర్చి ఉపడొమైన్ చేసుకోవడమే మంచిది.

లోపలి డీఎన్‌ఎస్‌లో ఆ ఉపడొమైన్‌ను మాత్రమే పెట్టండి. మొత్తం డొమైన్‌ను పెడితే, మీ వెబ్‌సైట్, మెయిల్ చిరునామాలు అందులో లేనందున ఆఫీసులో ఉన్నవాళ్లకు అవి దొరకవు. సర్వర్‌కు స్థిరమైన నంబరు ఇవ్వండి. ఫోన్లలో ‘ప్రైవేట్ డీఎన్‌ఎస్’, బ్రౌజర్లలో ‘సెక్యూర్ డీఎన్‌ఎస్’ ఆన్‌లో ఉంటే అవి మీ సర్వర్‌ను దాటి బయట అడుగుతాయి. ఒక్క ఫోనులోనే పేజీ రాకపోతే ముందు వాటినే చూడండి.

సర్టిఫికెట్ విషయంలో నేను రాజీపడను. ‘ఈ సైటు సురక్షితం కాదు’ అన్న హెచ్చరికను రోజూ దాటవేయడం అలవాటైన గుమాస్తా, రేపు దొంగ బ్యాంకు పేజీ ఎదురైనా అలాగే దాటవేస్తాడు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ సర్టిఫికెట్‌ను ఉచితంగా ఇస్తుంది. డొమైన్ డీఎన్‌ఎస్‌లో ఒక టీఎక్స్‌టీ రికార్డు (చిన్న రాత నమోదు) పెట్టి డొమైన్ మీదేనని చూపిస్తే చాలు, సర్వర్‌ను బయటికి తెరవనక్కరలేదు. కానీ 90 రోజులకే గడువు తీరుతుంది. ఆగస్టు నెలాఖరులో తీసుకున్నది సరిగ్గా నవంబరు రద్దీలో ముగుస్తుంది. పునరుద్ధరణ దానంతటదే జరిగేలా అమర్చి, ఒకసారి నడిపి చూడండి. సర్టిఫికెట్‌లోని పేర్లు ఎవరైనా చూడగలిగే జాబితాల్లో చేరతాయి. అందుకని ‘జీతాలు’, ‘బ్యాంకు’ లాంటి మాటలు ఉపడొమైన్లుగా వద్దు.

డొమైన్ ఖాతా ఎవరి ఫోను నంబరు మీద ఉందో ఈ రోజే చూడండి. మానేసి వెళ్లిపోయిన కుర్రవాడి నంబరు మీద ఉంటే గడువు హెచ్చరికలు అతనికే వెళ్తాయి.

పేరు ఇదివరకే వాడుకలో ఉంటే, దాని వెనక నంబరును మార్చే ముందు రోజు డీఎన్‌ఎస్ టీటీఎల్‌ను (పాత జవాబును కంప్యూటర్లు గుర్తుంచుకునే సమయాన్ని) 300 సెకన్లకు తగ్గించండి. పాత నంబరు కూడా కనీసం రెండు వారాలు పనిచేయనివ్వండి. చివరగా ఇంటర్నెట్ తీగ ఊడదీసి, కంప్యూటర్ ఆపి మళ్లీ వేసి, కాటా గదిలో పేజీ తెరవండి. తెరుచుకోకపోతే కంప్యూటర్ ఆ పేరును ఇంకా బయటి డీఎన్‌ఎస్‌నే అడుగుతోందేమో చూడండి. అలాగే వదిలేస్తే గాలివానకు లైను తెగిన రోజు తూకం ఆగిపోతుంది.