షీట్ ఫిల్మ్ కడిగేటప్పుడు కుళాయి ధారను నమ్ముకోకండి

ఫోర్ బై ఫైవ్ (4×5 అంగుళాల) ఫిల్మ్ షీట్లను, బొమ్మను నిలిపే ఫిక్సర్‌లోంచి తీశాక, ట్రేలో వేసి, పైన కుళాయి విప్పి వదిలేస్తే కడిగినట్టు కాదు. హైపో, అంటే షీట్లకు అంటుకుని వచ్చిన ఫిక్సర్ రసాయనం, కలిసిన నీరు బరువు, అడుగుకు దిగుతుంది. పైనున్న మంచి నీళ్లే పొర్లిపోతాయి. హైపో మిగిలితే నెగటివ్ కొన్నేళ్లకు పసుపు తిరిగి పాడవుతుంది.

నేనైతే ట్రే నింపి, అడుగు షీటును తీసి పైన వేస్తూ రెండు నిమిషాలు కదుపుతాను. తర్వాత నీళ్లన్నీ ఒంపేసి కొత్తవి పోస్తాను. ఇలా ఆరేడు సార్లు. హార్డెనర్ (ఫిల్మ్ పైపొరను గట్టిపరిచే రసాయనం) లేని ర్యాపిడ్ ఫిక్సర్ వాడితే ఇది చాలు.

ఒకేసారి నాలుగు షీట్లకు మించి వద్దు. తడి ఎమల్షన్, అంటే ఫిల్మ్ మీద బొమ్మ ఉండే పొర, చాలా మెత్తన. పక్క షీటు మూల తగిలి నా చెరువు నెగటివ్‌లో, సరిగ్గా ఆకాశం మీద, వెంట్రుకంత గీత పడింది. ఇప్పటికీ బాధే.

బొమ్మను తేల్చే డెవలపర్ 20 డిగ్రీలైతే కడిగే నీళ్లూ ఆ దరిదాపుల్లోనే ఉండాలి. ఎండాకాలం మిద్దె ట్యాంకు నీళ్లు నేరుగా పట్టకండి, ముందే ఐసు సీసాలతో చల్లార్చి పెట్టుకోండి.

చివర డిస్టిల్డ్ వాటర్‌లో కొద్దిగా వెట్టింగ్ ఏజెంట్ (నీళ్లు బొట్లు కట్టకుండా జారిపోయేలా చేసే ద్రవం) కలిపి ముంచి, తుడవకుండా ఒక మూల క్లిప్పు పెట్టి వేలాడదీయండి. బోరు నీళ్ల తెల్ల మరకలు పడవు.