క్రాఫ్ట్ సీఎంఎస్‌లో కొత్త సైట్, ఛానెల్ పెట్టే ముందు

వెబ్‌సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ క్రాఫ్ట్ సీఎంఎస్‌లో, ఉన్న ఇంగ్లీష్ సైట్ పక్కన తెలుగు సైట్, దానికో ఛానెల్ (ఒకే రకం వ్యాసాలు ఉండే విభాగం) పెడుతున్నారా? సెట్టింగ్స్ తెరిచే ముందు ఇవి చూసుకోండి.

• డేటాబేస్ బ్యాకప్ తీయండి. తీస్తే సరిపోదు, లోకల్‌లో (మీ కంప్యూటర్‌లోని కాపీలో) ఒకసారి రిస్టోర్ చేసి చూడండి.

• మార్పులు లోకల్‌లోనే చేయండి. లైవ్ సర్వర్‌లో 'అలౌ అడ్మిన్ ఛేంజెస్' (అక్కడే సెట్టింగ్స్ మార్చనిచ్చే ఆప్షన్) ఆపేసి, ప్రాజెక్ట్ కాన్ఫిగ్ ఫైళ్లను (సెట్టింగ్స్ ఉండే ఫైళ్లను) గిట్ (ఫైళ్లలో మార్పులను నమోదు చేసే సాధనం) ద్వారా పంపండి.

• బేస్ యూఆర్‌ఎల్ (సైట్ మూల చిరునామా) నేరుగా టైప్ చేయొద్దు, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ఒక్కో సర్వర్‌కు వేరుగా పెట్టుకునే విలువ) వాడండి.

• ఎక్కువమంది దెబ్బతినేది ఫీల్డుల (శీర్షిక, పాఠం లాంటివి నింపే గడుల) దగ్గరే. ఛానెల్‌ను రెండు సైట్లకూ ఆన్ చేసినంత మాత్రాన ఫీల్డులు విడిపోవు. ట్రాన్స్‌లేషన్ మెథడ్ 'నాట్ ట్రాన్స్‌లేటబుల్'గా ఉంటే, తెలుగు వ్యాసం సేవ్ చేయగానే ఇంగ్లీష్ పాఠం మీద తెలుగు వచ్చి కూర్చుంటుంది. నాకూ ఒక సాయంత్రం అలాగే పోయింది. శీర్షిక, పాఠం, చిత్రం కింది వ్యాఖ్య లాంటివి ఒక్కొక్కటే తెరిచి, సైట్‌కు వేరుగా ఉండేలా మార్చండి. ధర, తేదీ వంటివి ఉమ్మడిగా ఉంటేనే మేలు.

• ప్రాపగేషన్ మెథడ్ (రాసింది ఏయే సైట్లలో ఉండాలో చెప్పే సెట్టింగ్) ముందే తేల్చుకోండి. వార్తలు ఏ సైట్‌లో రాస్తే ఆ సైట్‌కే చాలు, 'మా గురించి' పేజీ అన్నిటికీ కావాలి.

• హ్యాండిల్ (కోడ్‌లో సైట్‌ను, ఛానెల్‌ను, ఫీల్డును పిలిచే పేరు) తర్వాత మారిస్తే టెంప్లేట్లు (పేజీ రూపం రాసిన ఫైళ్లు) విరుగుతాయి.

• స్లగ్ (లింక్‌లో వచ్చే పేజీ పేరు) తెలుగులోనా, ఇంగ్లీష్ అక్షరాల్లోనా? తెలుగైతే లింక్ కాపీ చేసినప్పుడు యూనికోడ్‌లోని ఒక్కో గుర్తు 9 అక్షరాలుగా సాగొచ్చు. వాట్సాప్‌లో పంపితే చూడ్డానికి భయంగా ఉంటుంది. నేనైతే ఇంగ్లీష్ అక్షరాలకే ఓటేస్తాను.

• ఎంట్రీలు (ఛానెల్‌లోని వ్యాసాలు) వేలల్లో ఉంటే సెట్టింగ్స్ సేవ్ నొక్కాక క్యూ (వెనకాల నడిచే పనుల వరుస) ఖాళీ అయ్యేదాకా ఆగండి.