సర్కారు బడి టీచర్లు రిటైర్మెంట్‌కు డబ్బు లెక్క ఎలా సిద్ధం చేసుకోవాలి?

తెలంగాణలో ప్రభుత్వ టీచర్ల రిటైర్మెంట్ వయసు 2021 మార్చి నుంచి 61 ఏళ్లు. 61 నిండిన నెల ఆఖరి రోజున దిగిపోవాలి. ఒకటో తేదీన పుట్టినవాళ్లు మాత్రం అంతకు ముందు నెల ఆఖరునే దిగాలి. మీ పుట్టినరోజు జూన్ 1 అయితే మే 31తో సరి. ముందు ఆ తేదీ ఒక కాగితం మీద రాసుకోండి. కింది పనులన్నిటికీ అక్కడి నుంచే వెనక్కి లెక్కపెట్టాలి.

1. మీది పాత పెన్షనా, సీపీఎస్సా?

గీత 2004 సెప్టెంబరు 1 దగ్గర ఉంది. అంతకు ముందు ఉద్యోగంలో చేరినవాళ్లది పాత పెన్షన్, ఆ రోజున గానీ తర్వాత గానీ చేరినవాళ్లది సీపీఎస్ (మీ వాటా, సర్కారు వాటా నెలనెలా జమచేసి నిధి కట్టే పెన్షన్). చూసేది చేరిన తేదీనే. డీఎస్సీ-2003 (ఆ ఏటి టీచర్ల నియామకం) వాళ్లకు నోటిఫికేషన్ ముందే వచ్చినా చేరిక గీత దాటాక పడింది కాబట్టి సీపీఎస్‌లోకి వెళ్లారు, పాత పెన్షన్ కోసం ఏళ్లుగా కొట్లాడుతున్నారు. కొట్లాట కొట్లాటే, లెక్క లెక్కే. మీ పేరు మీద ఉత్తర్వు చేతికి వచ్చేదాకా సీపీఎస్ అనే వేసుకోండి. పాత పెన్షన్ వస్తే అదనపు లాభం అవుతుంది. రాకపోతే మాత్రం పూడ్చుకోవడానికి అప్పటికి టైం మిగలదు.

రెండు పెన్షన్ల మధ్య తేడా చిన్నది కాదు. అందుకే కింద రెంటినీ విడివిడిగా చెప్పాం.

2. నెల ఖర్చు రాయండి, జీతం ఎంతన్నది పక్కన పెట్టండి

గత ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, ఫోన్ పే హిస్టరీ ముందేసుకోండి. పాలు, కిరాణా, కరెంటు, గ్యాస్, అపార్ట్‌మెంటు మెయింటెనెన్స్, మందులు, పెట్రోలు, పెట్టుపోతలు, అన్నీ కూడి ఆరుతో భాగించండి. రిటైరయ్యాక ఆగిపోయేవి (ఇంటి లోను, సర్కారు ఉద్యోగుల జీవిత బీమా టీజీజీఎల్ఐ ప్రీమియం, భవిష్య నిధి జీపీఎఫ్ చందా) తీసేయండి. మందులు, ఆసుపత్రి పద్దు మాత్రం తగ్గించొద్దు, కనీసం రెట్టింపు రాయండి.

ఇక్కడ హైదరాబాద్ టీచర్లు మరిచిపోయేది హెచ్ఆర్ఏ, అంటే జీతంతో పాటు వచ్చే ఇంటద్దె భత్యం. సిటీలో బేసిక్ మీద 24% వస్తోంది. పెన్షన్‌లో హెచ్ఆర్ఏ అంటూ ఉండదు. దిల్‌సుఖ్‌నగర్‌లోనో కూకట్‌పల్లిలోనో అద్దె ఇంట్లో ఉంటే రిటైరైన మరుసటి నెల నుంచే ఆ అద్దె పెన్షన్ లోంచి కట్టాలి.

ఇప్పటి ఖర్చు 50,000 అనుకుందాం. ధరలు ఏడాదికి 6% చొప్పున పెరిగితే 12 ఏళ్లలో అదే ఖర్చు లక్ష దాటుతుంది. ఇంకా పదేళ్లకు పైగా సర్వీసు ఉన్నవాళ్లు ఆ లక్షనే లక్ష్యంగా రాసుకోవాలి.

3. పాత పెన్షన్ వాళ్లు: కమ్యూటేషన్ దగ్గర ఒక్క పూట కూర్చోండి

33 ఏళ్ల అర్హత సర్వీసుకు చివరి బేసిక్‌లో సగం పెన్షన్. సర్వీసు తగ్గితే దామాషాలో తగ్గుతుంది. దాని మీద డీఆర్ (పెన్షనర్ల కరువు భత్యం) కలుస్తుంది. చివరి బేసిక్ 90,000 ఉన్న స్కూల్ అసిస్టెంటుకు పూర్తి సర్వీసు ఉంటే పెన్షన్ 45,000.

గ్రాట్యుటీ (రిటైరైనప్పుడు ఒకేసారి ఇచ్చే సొమ్ము) లెక్క: ప్రతి ఆరు నెలల సర్వీసుకు బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపిన మొత్తంలో పావు వంతు, గరిష్ఠంగా ఆ మొత్తానికి 16.5 రెట్లు. డీఏ 30% అనుకుంటే 1,17,000 ఇంటూ 16.5, అంటే 19.3 లక్షలు. కానీ 2020 పీఆర్సీలో (జీతాల సవరణలో) పెట్టిన పరిమితి 16 లక్షలు. కాబట్టి చేతికొచ్చేది 16 లక్షలే. ఈ పరిమితి చూడకుండా మూడు లక్షలు ఎక్కువ రాసుకోవడం మామూలుగా జరిగే పొరపాటు.

కమ్యూటేషన్ అంటే పెన్షన్‌లో 40% వరకు ముందే అమ్ముకుని ఒకేసారి డబ్బు తీసుకోవడం. 45,000లో 40% అంటే 18,000. వయసును బట్టి పట్టికలో ఒక గుణకం ఉంటుంది. లెక్క సులువు కోసం దాన్ని 8 అనుకుందాం. 18,000 ఇంటూ 12 ఇంటూ 8, అంటే 17.28 లక్షలు. బదులుగా 15 ఏళ్ల పాటు నెలకు 18,000 కోత. మొత్తం 32.4 లక్షలు పోతాయి.

దీన్ని అప్పులా చూడండి. 17.28 లక్షలు తీసుకుని 180 నెలలు 18,000 చొప్పున కడితే వడ్డీ దాదాపు 9.5% పడుతుంది. ఆ డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో 7 శాతానికి వేస్తే ప్రతి ఏడూ నష్టమే. అదే 12 శాతానికి తెచ్చిన పర్సనల్ లోనో, రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన చేబదులో తీర్చడానికి అయితే లాభం. ఇంకో రెండు సంగతులు కూడా తూకంలో వేయాలి. పెన్షనర్ మధ్యలో పోతే మిగిలిన కోత కుటుంబం మీద పడదు, ఫ్యామిలీ పెన్షన్‌కు దెబ్బ ఉండదు. ప్రభుత్వ ఉద్యోగికి కమ్యూటేషన్ సొమ్ము మీద ఇన్‌కం ట్యాక్స్ కూడా లేదు. డీఆర్ పూర్తి 45,000 మీదే లెక్కిస్తారు, మిగిలిన 27,000 మీద కాదు. కాబట్టి అందరూ 40% పెట్టేస్తున్నారని మీరూ పెట్టొద్దు. 20% పెట్టినా చెల్లుతుంది. రిటైరైన ఏడాది లోపు దరఖాస్తు చేసుకుంటే మెడికల్ పరీక్ష అక్కర్లేదు.

4. సీపీఎస్ వాళ్లు: ముందు ప్రాన్ స్టేట్‌మెంటు తెరవండి

బేసిక్, డీఏ మీద మీ నుంచి 10%, ప్రభుత్వం నుంచి 10% ప్రాన్ ఖాతాలో (మీ పేరున ఉండే సీపీఎస్ ఖాతా) పడాలి. పడుతోందా? పే స్లిప్‌లో కోత కనిపించినంత మాత్రాన పడినట్టు కాదు. ఈ ఖాతాల రికార్డు ఉండే ప్రొటీన్ సీఆర్ఏ సైట్లోకి ప్రాన్ నంబరుతో వెళ్లి ఏడాదివారీ లావాదేవీల స్టేట్‌మెంటు దించుకోండి. ఒక నోటుబుక్కులో మూడు గడులు గీయండి: నెల, పే స్లిప్‌లో కోత, ప్రాన్‌లో జమ. ప్రతి నెలకూ మీ వాటా ఒకటి, సర్కారు వాటా ఒకటి, రెండు జమలు ఉండాలి.

ఖాళీలు ఎక్కువగా మూడు చోట్ల దొరుకుతాయి. ఉద్యోగంలో చేరాక ప్రాన్ వచ్చేదాకా గడిచిన తొలి నెలలు. బదిలీ అయి డీడీవో (జీతం బిల్లు పెట్టే అధికారి) మారిన నెల. డీఏ, పీఆర్సీ బకాయిల సప్లిమెంటరీ బిల్లులు, అందులోనూ షెడ్యూల్ (ఎవరి కోత ఎంతో చూపే పట్టిక) జతపరచని బిల్లులు. ఖాళీ దొరికితే ఆ నెల బిల్లు టోకెన్ నంబరు, వోచర్ నంబరు, తేదీ, షెడ్యూల్ నకలుతో డీడీవో ద్వారా ట్రెజరీకి రాయించండి. పదేళ్ల కిందటి వోచర్ వెతికి తీయడం ఎంత కష్టమో ట్రెజరీ చుట్టూ తిరిగినవాళ్లకే తెలుసు. కాబట్టి ఈ పని ఏటా ఏప్రిల్‌లో చేయాలి. ఆలస్యమైన జమకు నష్టం అసలుతో ఆగదు, అన్నేళ్ల రాబడి కూడా పోతుంది.

రిటైరయ్యాక నిధిలో కనీసం 40% పెట్టి యాన్యుటీ (బీమా కంపెనీ నుంచి నెలనెలా వచ్చే పెన్షన్) కొనాలి. మిగతా 60% పన్ను లేకుండా చేతికొస్తుంది. మొత్తం నిధి 40 లక్షలైతే యాన్యుటీకి 16 లక్షలు. 6.5% చొప్పున వస్తుందనుకుంటే నెలకు సుమారు 8,700. దాని మీద డీఆర్ లేదు, పీఆర్సీ లేదు. ఇరవై ఏళ్ల తర్వాత కూడా అదే 8,700. పక్క బల్ల మీద కూర్చుని అదే పాఠం చెప్పిన పాత పెన్షన్ టీచరుకు 45,000 ఎక్కడ, ఇది ఎక్కడ? మిగిలిన 24 లక్షలు పిల్ల పెళ్లికి తీసేస్తే నెల గడవదు. ఆ 24 లక్షలే మీ అసలు పెన్షన్ అనుకోవాలి.

అదీ చాలదు, పక్కన ఇంకో నిధి ఉండాల్సిందే. ఇంకా 12 ఏళ్ల సర్వీసు ఉన్నవాళ్లు నెలకు 10,000 ఇండెక్స్ ఫండు (షేర్ల సూచీ వెంట నడిచే మ్యూచువల్ ఫండు) ఎస్ఐపీలో, అంటే నెలనెలా వాయిదాగా వేస్తే, 10% రాబడి అనుకుంటే దాదాపు 27.5 లక్షలవుతుంది. ఆ రాబడికి హామీ లేదు. అందుకే ఆఖరి మూడేళ్లలో కొంచెం కొంచెంగా డిపాజిట్లలోకి మార్చుకోవాలి. షేర్ల భయం ఉన్నవాళ్లకు పీపీఎఫ్ ఉంది. ఇంక్రిమెంటు వచ్చిన నెలే ఎస్ఐపీ పెంచితే ఇంట్లో ఎవరికీ లోటు తెలియదు.

యాన్యుటీ కొనేటప్పుడు భార్యాభర్తలిద్దరికీ వచ్చేది తీసుకోండి. మీ ఒక్కరికే ఉండేదానికి నెలకు కొంత ఎక్కువ చూపిస్తారు, దానికి ఆశపడొద్దు.

5. సర్వీస్ రిజిస్టర్ (ఎస్ఆర్)‌లో తప్పులు మూడేళ్ల ముందే పట్టుకోండి

పెన్షన్ ఆగేది చాలావరకు కాగితాల దగ్గరే. సర్వీస్ రిజిస్టర్ మొదటి పేజీ నుంచి చివరిదాకా ఫోన్‌లో ఫోటోలు తీసి పెట్టుకుని ఇవి చూడండి:

- ప్రతి ఏడాదీ సర్వీస్ వెరిఫికేషన్ నమోదు, కింద సంతకం, ముద్ర. ఒక ఏడాది ఖాళీ ఉన్నా ఆ కాలం స్కూలుకు, ఆ కాలం డీడీవోకు వెళ్లి రాయించుకోవాలి.
- ఇంక్రిమెంట్లు, ఒకే పోస్టులో 6/12/18/24 ఏళ్లు నిండితే పెరిగే స్కేళ్లు, ప్రతి పీఆర్సీ ఫిక్సేషన్. ఎక్కడైనా ఒక ఇంక్రిమెంటు ఎక్కువ పడి ఉంటే పెన్షన్ కాగితాల దగ్గరే బయటపడి గ్రాట్యుటీలో కోసుకుంటారు.
- లీవు ఖాతా. ఈఎల్ (ఆర్జిత సెలవు), హాఫ్ పే లీవు (సగం జీతపు సెలవు) కలిపి 300 రోజులు మించకుండా నగదు చేసుకోవచ్చు. టీచర్లకు ఈఎల్ తక్కువే జమవుతుంది కాబట్టి హాఫ్ పే లీవు ఖాతా తప్పులేకుండా ఉండాలి.
- పేరు. మనవాళ్లకు అసలు తంటా ఇదే. ఎస్ఆర్‌లో ‘కె. విజయలక్ష్మి’, ఆధార్‌లో పెళ్లి తర్వాతి ఇంటిపేరుతో, పాన్‌లో ఇంటిపేరు ఆఖర్న. మూడూ ముగ్గురు మనుషులనుకుంటుంది కంప్యూటర్. పదో తరగతి మెమోలో, ఎస్ఆర్‌లో ఉన్న పేరును ఆధారం చేసుకుని ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా మార్పించండి. ఎస్ఆర్‌నే మార్పించబోవడం చాలా పెద్ద పని. భార్య లేదా భర్త ఆధార్ కూడా అప్పుడే చూడండి, ఫ్యామిలీ పెన్షన్ ఆ పేరు మీదే వస్తుంది.

కాగితాలు ఎవరికి పోతాయన్నది మీ మేనేజ్‌మెంటును బట్టి ఉంటుంది. హైదరాబాద్ జిల్లాలో జిల్లా పరిషత్తు లేదు, ఉన్నవి గవర్నమెంటు స్కూళ్లే, వాళ్ల జీపీఎఫ్ లెక్క సైఫాబాద్ ఏజీ (అకౌంటెంట్ జనరల్) ఆఫీసులో ఉంటుంది. రంగారెడ్డి జిల్లా పరిషత్తు స్కూళ్ల వాళ్ల పీఎఫ్ ఖాతా జడ్పీ దగ్గర. ఉద్యోగంలో అటూ ఇటూ మారినవాళ్లకు పాత ఖాతా నిల్వ కొత్తదానికి చేరిందో లేదో చూడటం తప్పనిసరి.

6. ఇన్సూరెన్సులు

బేసిక్ పెరిగి టీజీజీఎల్ఐ కోత పెంచిన ప్రతిసారీ ప్రపోజల్ ఫారం పంపి బాండు తెచ్చుకోవాలి. ఫారం పంపకుండా కోసిన సొమ్ముకు బీమా వర్తించదు, వడ్డీ లేకుండా వాపసు ఇస్తారు. గ్రూపు బీమా జీఐఎస్‌లో నెలకు 15 రూపాయల యూనిటుకు బీమా 15,000. ఎనిమిది యూనిట్లున్నా 1.2 లక్షలే. దాన్ని కుటుంబానికి రక్షణగా లెక్కేయొద్దు.

ఆరోగ్య బీమా మాత్రం 57 ఏళ్లలోపే సొంతంగా తీసుకోండి. ముందే ఉన్న బీపీ, షుగర్ లాంటి జబ్బులకు కంపెనీలు గరిష్ఠంగా మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు. 57లో మొదలుపెడితే రిటైరయ్యేసరికి అది తీరిపోతుంది. ఫారంలో షుగర్ దాచి రాస్తే తర్వాత క్లెయిమ్ కొట్టేస్తారు. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు.

7. డబ్బు పడేదాకా, పడ్డాక

2024 మార్చి నుంచి రిటైరైనవాళ్లలో చాలామందికి గ్రాట్యుటీ, కమ్యూటేషన్, లీవు సొమ్ము నెలల తరబడి రాలేదు. బిల్లు పాసై సర్కారు చెల్లింపుల వ్యవస్థ ఈ-కుబేర్‌లో కూర్చుంటే మీరు చేయగలిగింది పెద్దగా ఉండదు. కాబట్టి ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు విడిగా లిక్విడ్‌గా ఉంచుకోండి. గ్రాట్యుటీ వస్తుందన్న ధీమాతో ఫ్లాట్ అడ్వాన్సు ఇవ్వొద్దు, ముహూర్తం పెట్టుకోవద్దు.

డబ్బు పడ్డాక మొదటి వారంలోనే ఫోన్లు మొదలవుతాయి. ప్రీ లాంచ్ ఆఫరు, యూడీఎస్ (కట్టబోయే భవనం స్థలంలో విభజించని వాటా), చదరపు అడుగు సగం ధరకే అని. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ)లో నమోదు కాకముందు అమ్మకమే చట్టవిరుద్ధం. రెరా నంబరు అడగండి, తెలంగాణ రెరా సైట్లో మీరే వెతకండి. నంబరు ‘వస్తోంది’ అంటే అక్కడితో మాట ఆపేయండి. తోటి టీచరే ఏజెంటుగా వస్తే కాదనడం కష్టం, కానీ కాదనాలి. స్టాఫ్ రూములో మొదలైన రిజిస్టర్ కాని చిట్టీలకూ ఇదే జవాబు.

నెలవారీ రాబడికి మొదట సీనియర్ సిటిజన్స్ స్కీమ్ చూడండి. ఒకరి పేరున 30 లక్షల దాకా వేయొచ్చు. 8.2% వడ్డీ లెక్కన మూడు నెలలకోసారి 61,500. వడ్డీ రేటును ప్రతి మూడు నెలలకు సమీక్షిస్తారు, కానీ మీరు వేసిన రోజు రేటు ఐదేళ్లూ అలాగే ఉంటుంది. ఏడాదిలోపు తీస్తే ఇచ్చిన వడ్డీ వెనక్కి తీసుకుంటారు, రెండేళ్లలోపు అయితే 1.5% కోస్తారు. కాబట్టి మొత్తం ఒకే ఖాతాలో కాకుండా ఐదేసి లక్షల ఖాతాలుగా తెరిస్తే అవసరానికి ఒక్కటి మూసుకోవచ్చు. భార్యకు ఇంకా 60 రాకపోతే ఆమెతో జాయింటుగా పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కం ఖాతాలో 15 లక్షల దాకా వేసుకోవచ్చు. ఏ బ్యాంకులోనైనా డిపాజిట్ బీమా ఐదు లక్షల వరకే ఉంటుంది. అర శాతం ఎక్కువిస్తున్నారని చిన్న సహకార బ్యాంకులో పాతిక లక్షలు ఒకేచోట పెట్టొద్దు.

ప్రతి ఖాతాకూ నామినీ ఉందో లేదో పాస్‌బుక్ తెరిచి చూడండి. జీపీఎఫ్, గ్రాట్యుటీ, ప్రాన్ నామినేషన్లు పెళ్లికి ముందు అమ్మ పేరు మీద రాసి అలాగే వదిలేసినవి చాలా ఉంటాయి. పెన్షన్ మొదలయ్యాక ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. పెన్షన్ పేమెంట్ ఆఫీసుకు వెళ్లలేనివాళ్లు తెలంగాణ సర్కారు మొబైల్ యాప్ టీ యాప్ ఫోలియోలో సెల్ఫీ తీసి ఇంటి నుంచే ఇవ్వొచ్చు. అప్పుడు ఫోన్‌లో ఉండాల్సింది పెన్షన్ రికార్డులో ఉన్న నంబరే, పిల్లలు కొత్తగా ఇప్పించిన సిమ్ కాదు.